సుర్మా డబ్బీ నుంచి లేజర్ దాకా: ఒక నీమ్ మూసిల్ కిస్సా

మన ఇళ్లలో సుర్మా డబ్బీ లేని అల్మారా అరుదు. జుమ్మాకు పోయే ముందు, ఈద్ రోజు పొద్దున, పెళ్లిలో దూల్హాకు కళ్ల అంచున పెట్టే ఆ నల్లటి పొడిని కాస్త వెలుతురులో పట్టుకుని చూడండి. సన్నగా మెరుస్తుంది. కాటుకలో ఆ మెరుపు ఉండదు, ఎందుకంటే కాటుక మసి, సుర్మా రాయి. అసలు సుర్మా ఆంటిమొనీ రాయి అంటారు గానీ, బజార్లో అమ్మే సుర్మాలో చాలాసార్లు ఉండేది గెలీనా. అంటే సీసం, గంధకం కలిసిన ఖనిజం, లెడ్ సల్ఫైడ్. అందులో సీసం ఉంటుంది కాబట్టి పసిపిల్లల కళ్లకు పెట్టొద్దని డాక్టర్లు ఎప్పట్నుంచో చెబుతున్నారు. ఆ మాట ముందే చెప్పేసి కిస్సాలోకి వెళ్తాను.

ఈ గెలీనా ఒక అర్ధవాహకం. సెమీకండక్టర్ అనే మాట ఇప్పుడు పేపర్లలో రోజూ కనిపిస్తోంది. ఉర్దూలో దాన్ని 'నీమ్ మూసిల్' అంటారు. నీమ్ అంటే సగం, మూసిల్ అంటే చేరవేసేది. తెలుగులో అర్ధవాహకం అన్నా అదే మాట, అదే అర్థం. ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్న నాలాంటి వాడికి ఇలాంటి జోడీలు తగిలినప్పుడు ఖుషీగా ఉంటుంది. వెలుగు అద్దం మీద పడి వెనక్కి రావడాన్ని ఉర్దూలో ఇన్‌ఇకాస్ అంటే తెలుగులో పరావర్తనం. నీళ్లలోకి దిగి వంగడం ఇన్‌ఇతాఫ్, వక్రీభవనం. భూతద్దం గాజును ఉర్దూలో అదసా అంటారు. అదస్ అంటే మసూర్ పప్పు. పప్పుబద్ద ఆకారంలో ఉంటుందని ఆ పేరు. ఇంగ్లీషు లెన్స్ కూడా లాటిన్‌లో ఆ పప్పు పేరే.

ఈ నీమ్ మూసిల్ సగం దారి ఇచ్చే గుణంతో ఒక కమాల్ చేసింది. మనిషి తయారు చేసిన అతి చిన్న వెలుగు లమ్హాలను పుట్టించడంలో సాయపడింది. ఆ తారీఖ్‌లో మన తిరుపతి, చిత్తూరు కూడా ఉన్నాయి. అందుకే ఈ కిస్సా చెప్పాలనిపించింది.

గెలీనాను మొదట పనిలో పెట్టింది మన దేశపు మనిషే. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ రేడియో తరంగాలను పట్టుకోవడానికి గెలీనా స్ఫటికాన్ని వాడాడు. దానికి 1901లో అమెరికాలో పేటెంట్ అర్జీ పెడితే 1904లో మంజూరైంది. అర్ధవాహక పరికరానికి వచ్చిన తొలి పేటెంట్లలో అది ఒకటి. ట్రాన్సిస్టర్ పుట్టడానికి ఇంకా నలభై ఏళ్ల పైన ఉంది. సుర్మా రాయి అప్పటికే రేడియో వినిపించింది.

ఇప్పుడు గాదంకికి వద్దాం.

రెండు మీటర్ల వెలుగు

తిరుపతి నుంచి చిత్తూరు పోయే తోవలో గాదంకి ఊరు. అక్కడ 1990లలో అంతరిక్ష శాఖ కింద ఎం.ఎస్.టి. రాడార్ వచ్చింది. 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు ఉన్న మైదానంలో 1024 యాంటెన్నాలు నిలబెట్టారు. ఆ కేంద్రమే ఇప్పుడు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, ఎన్.ఎ.ఆర్.ఎల్. అక్కడ 1998లో జపాన్ వాళ్లతో కలిసి లైడార్ పెట్టారు. రాడార్ రేడియో తరంగాలతో చేసే పనిని లైడార్ లేజర్ వెలుగుతో చేస్తుంది. ఆకాశంలోకి ఆకుపచ్చ వెలుగును కొడుతుంది. మబ్బు, దుమ్ము, గాలి అణువులు చెదరగొట్టిన ఆ వెలుగులో వెనక్కి వచ్చిన కాస్తనూ టెలిస్కోపుతో పట్టుకుంటుంది. వెలుగు ఎంతసేపటికి తిరిగొచ్చింది, ఎంత తిరిగొచ్చింది అన్న హిసాబ్‌తో, 30 కిలోమీటర్ల పైన గాలి ఎంత వేడిగా ఉందో కూడా చెబుతారు.

ఆ లేజర్ లెక్క ఇలా ఉంది. సెకనుకు 20 పల్సులు. ఒక్కో పల్సులో 550 మిల్లీజౌళ్ల శక్తి. పల్సు నిడివి 7 నానోసెకండ్లు. నానోసెకండ్ అంటే సెకనులో వంద కోట్ల వంతు.

సగటు తీస్తే ఆ లేజర్ ఇచ్చేది 11 వాట్లే. మన హాల్లో వెలిగే ఎల్‌ఈడీ బల్బు తినేంత. కానీ ఆ శక్తినంతా 7 నానోసెకండ్లలో కుక్కి పంపితే, ఆ లమ్హాలో దాని జోరు దాదాపు 8 కోట్ల వాట్లు. పల్స్ లేజర్ రహస్యం ఇదే. కొత్తగా శక్తి పుట్టదు. ఉన్న శక్తే తక్కువ టైములోకి కూరుకుంటుంది. రోజంతా కారే కుళాయి నీళ్లను బకెట్లో పట్టి ఒక్కసారి కుమ్మరించినట్టు.

ఇంకో హిసాబ్ చూడండి. వెలుగు ఒక నానోసెకండ్‌లో సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది. కాబట్టి గాదంకి పల్సు రెండు మీటర్ల పైచిలుకు పొడవున్న వెలుగు ముక్క. మనిషి కంటే కాస్త పొడుగు.

నానోసెకండ్‌ను పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క ఫెమ్టోసెకండ్. ఈ రోజు ల్యాబుల్లో, ఫ్యాక్టరీల్లో, కంటి ఆసుపత్రుల్లో వాడే అల్ట్రాఫాస్ట్ లేజర్ల పల్సులు వంద, రెండు వందల ఫెమ్టోసెకండ్లుంటాయి. వంద ఫెమ్టోసెకండ్ల పల్సు పొడవు 30 మైక్రాన్లు. అంటే తల వెంట్రుక మందం కూడా లేని వెలుగు ముక్క. గాదంకి పల్సు ఒక్కదాంట్లో అలాంటివి 70 వేలు పడతాయి.

రెండు మీటర్ల నుంచి వెంట్రుక మందం లోపలికి ఎలా దిగారు? దానికి రెండు వస్తువులు కలవాలి. ఒకటి గాజు తీగ, రెండోది నీమ్ మూసిల్.

గాజు తీగ

గాజులోకి దిగిన వెలుగు ఎంత వంగుతుందన్న కాయిదా మొదట రాసిపెట్టినవాడు బాగ్దాద్‌లోని ఇబ్న్ సహ్ల్. సుమారు 984లో మండించే అద్దాలు, కటకాల మీద రాసిన రిసాలాలో ఆ లెక్క ఉంది. తెహ్రాన్‌లో, దమిష్క్‌లో ముక్కలుగా ఉండిపోయిన ఆ రాతప్రతిని రుష్దీ రాషిద్ అనే చరిత్రకారుడు జతచేసి 1990లో లోకానికి చూపించాడు. యూరప్‌లో స్నెల్ 1621లో కనుక్కున్నాడని చెప్పే సూత్రం అదే. ఇబ్న్ సహ్ల్ తర్వాత బస్రాలో పుట్టిన ఇబ్న్ అల్ హైథమ్ 'కితాబుల్ మనాజిర్' రాసి, కంటి నుంచి కిరణం పోదు, వస్తువు నుంచి వెలుగు కంటికి వస్తుందని ప్రయోగాలతో నిలబెట్టాడు.

పలచని గాలిలోకి మరీ ఏటవాలుగా పోబోయిన వెలుగు బయటికి రాలేక గాజులోకే తిరిగి మళ్లుతుంది. దీన్ని వాడుకుని గాజు తీగల కట్టలోంచి బొమ్మను పంపించవచ్చని 1954లో నరీందర్ సింగ్ కపానీ, లండన్‌లో తన ఉస్తాద్ హాప్‌కిన్స్‌తో కలిసి చూపించాడు. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన సర్దార్జీ. ఫైబర్ ఆప్టిక్స్ అనే పేరును జనంలోకి తెచ్చినవాడు కూడా ఆయనే.

1961లో అమెరికాలో ఎలియాస్ స్నిట్జర్ గాజులో నియోడిమియం అనే అరుదైన లోహాన్ని కలిపి లేజర్ పుట్టించాడు. తర్వాత మూడేళ్లకే అలాంటి గాజు తీగలో వెలుగును పెంచి చూపించాడు. ఫైబర్ లేజర్ ఖాందాన్‌కు అక్కడే పునాది. కానీ అప్పటి గాజు మురికిగా ఉండేది. 1966లో చార్లెస్ కావో, హాక్‌హామ్ ఒక కాగితం రాశారు. గాజులో మలినాలు తీసేస్తే కిలోమీటర్ పోయాక కూడా నూటికి ఒక వంతు వెలుగు మిగులుతుంది, ఆ మాత్రం చాలు అని దాని సారాంశం. 1970లో కార్నింగ్ కంపెనీ అది సాధించింది. ఈ రోజు మన వీధి స్తంభాల మీద వేలాడే ఇంటర్నెట్ ఫైబర్‌లో కిలోమీటర్ పోయాక కూడా నూటికి 95 వంతులు మిగులుతోంది.

1987లో సౌతాంప్టన్‌లో డేవిడ్ పేన్ బృందం, బెల్ ల్యాబ్స్‌లో డెసుర్‌వీర్ బృందం ఎర్బియం కలిపిన గాజు తీగతో వెలుగును పెంచే సాధనం తయారు చేశాయి. గాజులో అతి తక్కువ నష్టంతో పోయే వెలుగు 1550 నానోమీటర్ల దగ్గరిది. ఎర్బియం పెంచేది కూడా ఆ వెలుగునే. రెండూ అలా కుదిరాయి.

తాగే నేల

అదే దౌర్‌లో రెండో దారి నడిచింది. 1960 మే నెలలో మైమన్ తొలి లేజర్ వెలిగించాడు. అది కెంపు రాయితో పనిచేసింది, మెరిసి ఆరిపోయేది. అదే ఏడాది డిసెంబర్‌లో బెల్ ల్యాబ్స్‌లో అలీ జావాన్, తన సాథీలతో కలిసి, ఆగకుండా వెలిగే తొలి గ్యాస్ లేజర్‌ను వెలిగించాడు. హీలియం, నియాన్ కలిపిన గొట్టం అది. జావాన్ టెహ్రాన్‌లో పుట్టినవాడు. నాలుగేళ్ల తర్వాత ఆ రకం లేజర్‌లోనే వెలుగు అలలన్నిటినీ ఒక తాళంలోకి తెచ్చి, సన్నని పల్సుల వరసగా మార్చారు. దాన్ని మోడ్‌లాకింగ్ అంటారు.

1966లో డిమారియా బృందం నియోడిమియం గాజు లేజర్‌లో ఒక రంగు ద్రావకాన్ని పెట్టింది. ఆ ద్రావకం చేసే పని మన రాయలసీమ వాళ్లకు చెప్పడం తేలిక.

ఎండిన చేను మీద నాలుగు చినుకులు పడితే నేల తాగేస్తుంది, చుక్క కూడా కదలదు. కుండపోత పడితే నేల తాగినంత తాగి నిండిపోతుంది, మిగతా నీళ్లు వంకలోకి పారతాయి. ఆ ద్రావకం వెలుగును అలాగే తాగుతుంది. బలహీనమైన వెలుగు వస్తే మింగేస్తుంది, జోరుగా వస్తే నిండిపోయి దారి ఇస్తుంది. లేజర్ లోపల వెలుగు గిరగిరా తిరుగుతూ వేలసార్లు ఈ నేల మీదుగా పోతుంది. ప్రతిసారీ చినుకులన్నీ ఇంకిపోయి, ఒకే ఒక్క కుండపోత మిగులుతుంది. ఆ కుండపోతే పల్సు. పల్సు పోగానే నేల చటుక్కున ఆరిపోయి, మళ్లీ దాహంతో ఉండాలి. ఎంత తొందరగా ఆరితే పల్సు అంత సన్నగా వస్తుంది. ఇలా తాగి నిండే పదార్థాన్ని సంతృప్త శోషకం అంటారు.

రంగు ద్రావకాల లేజర్లతోనే ఫెమ్టోసెకండ్ల దాకా చేరారు. 1980లలో అమెరికాలోని కాల్‌టెక్‌లో అహ్మద్ జువైల్ అలాంటి పల్సులతో, రసాయన చర్యలో అణువుల మధ్య బంధం తెగే లమ్హాను పట్టుకున్నాడు. ఈజిప్టులోని దమన్హూర్‌లో పుట్టిన ఆయనకు 1999లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. కానీ ద్రావకం పాడవుతుంది, పంపులతో పారిస్తూ ఉండాలి, గది నిండా సామాను. ఆసుపత్రికో ఫ్యాక్టరీకో తీసుకెళ్లే సరుకు కాదు.

అక్కడ నీమ్ మూసిల్ పని మొదలైంది. అర్ధవాహకంలో ఎలక్ట్రాన్లకు కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు. మధ్యలో ఖాళీ. చాలినంత శక్తి ఉన్న వెలుగు పడితే కిందివాడు పైకి ఎగురుతాడు, ఆ వెలుగు ఖర్చైపోతుంది. ఒకేసారి బోలెడు వెలుగు పడితే పైన సీట్లు నిండిపోతాయి, కింద ఎగరడానికి ఎవరూ మిగలరు. ఇక తాగడం ఆగి వెలుగు పారిపోతుంది. నిండే నేల గుణమే ఇది. పైగా అర్ధవాహకం గట్టి పదార్థం, పంపు అక్కర్లేదు. 1992లో బెల్ ల్యాబ్స్‌లో ఉర్సులా కెల్లర్ దీన్ని అద్దం రూపంలో తయారు చేసింది. ఆ అద్దాలకు సెసామ్ అని పేరు. మరుసటి ఏడాది ఆమె జ్యూరిక్‌లోని ఇ.టి.హెచ్.లో ప్రొఫెసర్ అయింది. ఫిజిక్స్‌లో అక్కడ ఆ కుర్చీ అందుకున్న మొదటి ఆడమనిషి.

సైజు మారితే రంగు మారుతుంది

సెసామ్ అద్దం పొరలను ఖరీదైన యంత్రాల్లో అణువు మీద అణువు పేర్చాలి. ఒక్కో రంగు వెలుగుకు ఒక్కో డిజైన్. అంతకన్నా చవకగా, తేలికగా చేయలేమా అన్న సవాల్ నుంచి నానో పదార్థాలు వచ్చాయి.

నానో అంటే చిన్నది అనే అనుకుంటాం. అసల్ సంగతి వేరే. అర్ధవాహకాన్ని కొన్ని నానోమీటర్ల ముక్కగా చేస్తే, దాని రెండు అంతస్తుల మధ్య ఖాళీ పెరుగుతుంది. ముక్క ఎంత చిన్నదైతే ఖాళీ అంత పెద్దది. అంటే మందు మార్చకుండా, సైజు మార్చి, అది తాగే రంగును మార్చుకోవచ్చు. 1980ల మొదట్లో రష్యాలో ఎకిమోవ్ గాజులో ఇది చూశాడు, అమెరికాలో లూయిస్ బ్రస్ ద్రావకంలో చూశాడు. 1993లో ఎం.ఐ.టి.లో ముంగీ బావెండి ఒకే సైజు చుక్కలను తయారు చేసే పద్ధతి కనిపెట్టాడు. ఆయన తండ్రి ట్యునీషియా మనిషి. ఈ ముగ్గురికీ 2023లో నోబెల్ వచ్చింది.

ఇక్కడ మన సుర్మా రాయి మళ్లీ వస్తుంది. లెడ్ సల్ఫైడ్‌ను సుమారు 5 నానోమీటర్ల చుక్కలుగా చేస్తే, అది తాగే వెలుగు ఎర్బియం ఫైబర్ ఇచ్చే 1550 నానోమీటర్ల దగ్గరికి వస్తుంది. 1997లో ఈ చుక్కలు నింపిన గాజును లేజర్‌లో పెట్టి మోడ్‌లాకింగ్ చేసి చూపించారు. తర్వాత ఫైబర్ లేజర్లలోకీ తెచ్చారు. ఇంకో వింత ఏమిటంటే, రెండు వేల ఏళ్ల కింద గ్రీకు, రోమన్ల కాలంలో జుట్టు నల్లబరచడానికి వాడిన సీసం, సున్నం మందు, వెంట్రుక లోపల అచ్చం ఇంతే సైజు లెడ్ సల్ఫైడ్ చుక్కలను పుట్టించేదని 2006లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు తేల్చారు. చేతులకు తెలిసిన పని వేరు, అది ఎందుకు జరుగుతుందో తెలియడం వేరు. ఇల్మ్ అనేది ఆ రెండోదే.

తర్వాతి పేర్లు వరసగా వచ్చాయి. 2003, 2004లో సెట్, యమషిటా బృందం కార్బన్ నానోట్యూబులతో ఫైబర్ లేజర్‌ను తాళంలో పెట్టింది. 2009లో గ్రాఫీన్ వచ్చింది. పెన్సిల్ గ్రాఫైట్‌లోని ఒక్క అణువు మందం పొర అది. అందులో రెండు అంతస్తుల మధ్య ఖాళీ ఉండదు కాబట్టి ఏ రంగైనా నూటికి 2.3 వంతులు తాగుతుంది. సింగపూర్‌లోనూ, కేంబ్రిడ్జ్‌లో తౌఫీఖ్ హసన్, జిపీ సన్, ఆండ్రియా ఫెరారీ ఉన్న బృందంలోనూ ఈ పని నడిచింది. ఆ తర్వాత మాలిబ్డినం డైసల్ఫైడ్, నల్ల భాస్వరం. మన మెకానిక్ భాయీలు బేరింగులకు పెట్టే నల్లటి మోలీ గ్రీజు తెలుసు కదా, అందులోని మోలీ ఈ మాలిబ్డినం డైసల్ఫైడే.

ఫైబర్ లేజర్‌లో ఇవి ఎలా ఇముడుతాయో ఒక నమూనా లెక్క చెప్తాను. 10 మీటర్ల గాజు తీగను రింగుగా చుడతారు. అందులో కొంత భాగం ఎర్బియం కలిపిన తీగ. రెండు తీగల కొసలు కలిసే చోట ఈ నానో పదార్థం పూసిన పలచని పొర పెడతారు. అంతే, తాగే నేల సిద్ధం. గాజులో వెలుగు సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి రింగును సెకనుకు 2 కోట్ల సార్లు చుడుతుంది. ప్రతి చుట్టుకూ ఒక పల్సు బయటికి. పల్సుకు ఒక నానోజౌల్ అనుకుంటే సగటు 20 మిల్లీవాట్లు, జీరో బల్బుకు కూడా చాలదు. కానీ వంద ఫెమ్టోసెకండ్ల లమ్హాలో దాని జోరు 10 వేల వాట్లు. గది నిండా ఉన్న సామాను టిఫిన్ క్యారియర్ సైజు డబ్బాలోకి వచ్చేస్తుంది.

ఇంత చిన్న లమ్హాతో లాభమేమిటంటే, వేడి చుట్టుపక్కలకు పాకే లోపే పని అయిపోతుంది. అందుకే కంటి పొరను చుట్టూ కాలకుండా కోయగలరు. సెల్‌ఫోన్ గాజును పగలకుండా కత్తిరించగలరు.

హిసాబ్ సాఫ్‌గా చెప్పాలి

ఇంతా చెప్పి, నానో పదార్థాలు అన్నీ జయించేశాయి అంటే అది తారీఖ్ కాదు, తారీఫ్ అవుతుంది. నల్ల భాస్వరం గాలి తగిలితే పాడవుతుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్‌లో అంతస్తుల ఖాళీ ఎక్కువ, ఎర్బియం వెలుగుకు దాన్ని దాటే శక్తి లేదు. అయినా అది తాగుతోందంటే అంచులు, లోపాల వల్లనే అని వివరించాల్సి వచ్చింది. సీసం విషం. ప్లాస్టిక్ పొరలో కలిపి పెట్టిన పదార్థం వేడికి చెడిపోతుంది. పరిశోధనా పత్రాలు వేలల్లో వచ్చినా బజార్లో నమ్మకంగా అమ్ముడయ్యే లేజర్లలో సెసామ్ అద్దాలు ఇంకా ఉన్నాయి. అసలు ఏ పదార్థమూ లేకుండా ఫైబర్ మెలికలతోనే ఆ పని చేసే పద్ధతులూ ఉన్నాయి. ఈ పోటీ ఇంకా తేలలేదు. తేలలేదు అంటే, కొత్తవాళ్లకు చోటుంది అని అర్థం.

ఏ పదార్థం ఎంత వెలుగుకు నిండుతుందో కొలవాలి కదా. దానికి లోకమంతా ఎక్కువగా వాడే పద్ధతి జెడ్-స్కాన్. నమూనాను లేజర్ వెలుగు కేంద్రీకృతమయ్యే చోటికి మెల్లగా జరుపుతూ, అవతలికి ఎంత వెలుగు వస్తుందో చూడటమే. 1989, 1990లో ఫ్లోరిడాలో దాన్ని తయారు చేసినవాళ్లలో ముందున్న పేరు మన్సూర్ షేక్ బహాయీ, ఇంకో పేరు అలీ సయీద్. ఒక లేజర్, ఒక కటకం, ఒక జరిగే బల్ల, ఒక డిటెక్టర్ ఉంటే చాలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ డి. నారాయణరావు, ప్రొఫెసర్ ఎస్. వేణుగోపాలరావు బృందాలు ఈ పద్ధతితో ఏళ్ల తరబడి పని చేశాయి.

మన ఊరి సంగతికి వస్తే, 1954లో మొదలైన శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగంలో ప్రొఫెసర్ సి.కె. జయశంకర్, ఆయన షాగిర్దులు దశాబ్దాలుగా లేజర్ గాజుల మీద పని చేశారు. పొడులు తూచి, కలిపి, వెయ్యి డిగ్రీల పైచిలుకు కొలిమిలో కరగబెట్టి, పోసి, మెల్లగా చల్లార్చి, నియోడిమియం, ఎర్బియం లాంటి లోహాలు ఏ గాజులో ఎంతసేపు వెలుగుతాయో కొలవడం ఆ పని. ఫాస్ఫేట్ గాజు, టెల్యురైట్ గాజు, ఇలా ఒక్కో రకం. 1961లో స్నిట్జర్ ఎక్కడ మొదలుపెట్టాడో ఆ తోవే ఇది. ఇందులో మెరుపు తక్కువ, మెహనత్, సబర్ ఎక్కువ. కానీ ఎర్బియం ఏ గాజులో బాగా వెలుగుతుందో తెలియకపోతే ఫైబర్ లేజరే లేదు. పైన ఎంత ఖరీదైన నానో పొర పెట్టినా, కింద గాజు సరిగా ఉండాలి.

సిల్సిలా

మా ఆపా కూతురు బీఎస్సీ అయ్యాక ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేస్తానంది. ఇంట్లో బహస్ మొదలైంది. "లేజరా? కంటి ఆపరేషన్లు డాక్టర్లు చేస్తారు కదా బేటా, నువ్వేం చేస్తావ్?" అని అమ్మీ అడిగింది. దూల్హా భాయ్ ఆలోచన వేరే. బీఎడ్ చేస్తే టీచర్ ఉద్యోగం, లేకపోతే శ్రీసిటీలో ఫోన్ల కంపెనీ. ఆ కంపెనీల్లో మన చిత్తూరు, తిరుపతి వైపు ఆడపిల్లలు చాలామంది పనిచేస్తున్నారు, ఇళ్లు నిలబెడుతున్నారు. ఆ మెహనత్‌ను తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. పిల్ల మాత్రం ఒక్కటే మాట అంది. "ఫోన్ గాజు పట్టుకునే చేతులు మనవే ఉన్నాయి మామూ. ఆ గాజును కోసే లేజర్ ఎలా పుట్టిందో తెలిసినవాళ్లు మన ఇంట్లో ఒక్కరైనా ఉండొద్దా?"

ఆ సవాల్‌కు జవాబ్‌గానే ఈ తారీఖ్ మొత్తం ఏరుకొచ్చాను.

మన జల్సాల్లో ఇబ్న్ అల్ హైథమ్ పేరు వినపడని తఖ్రీర్ లేదు. సునెహ్రీ దౌర్ అంటాం, ఫఖర్‌గా తల ఎగరేస్తాం. మంచిదే. కానీ ఆ తఖ్రీర్లు వెయ్యేళ్ల కిందే ఆగిపోతాయి. జావాన్, జువైల్, బావెండి, షేక్ బహాయీ మన కాలం వాళ్లు. మన ఇంట్లో పిలుచుకునే పేర్లలాంటి పేర్లు. వాళ్లు ఎవరు ఎంత దీన్‌దారులో నేను లెక్క తీయడం లేదు, అది నా పని కాదు. వాళ్లంతా ఒక బల్ల ముందు కూర్చుని ఏళ్ల తరబడి కొలతలు తీశారు, అందుకే వాళ్ల పేర్లు మిగిలాయి. వాళ్ల పక్కనే స్నిట్జర్ ఉన్నాడు, కావో ఉన్నాడు, కపానీ ఉన్నాడు, ఉర్సులా కెల్లర్ ఉంది, తిరుపతి ప్రొఫెసర్ ఉన్నాడు. ఈ సిల్సిలాలో కౌమ్ అడగరు. నీ ముందువాడు ఎక్కడ ఆపాడు, నువ్వు ఎక్కడ అందుకున్నావు అని మాత్రం అడుగుతారు. విరాసత్ అంటే పేరు చెప్పుకోవడం కాదు, తర్వాతి కొలత తీయడం.

ఇంకో సాకు వినపడుతుంది. మన పిల్లలు ఉర్దూ మీడియం, మన ఇళ్లలో ఇంగ్లీషు లేదు అని. 1918లో హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టినప్పుడు ఉర్దూలోనే పాఠాలు మొదలయ్యాయి. అంతకు ముందు ఏడాదే దారుల్ తర్జుమా పెట్టి సైన్స్ పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. ఈ తెలుగు నేల మీదే ఆ పని జరిగింది. ఇన్‌ఇకాస్ తెలిసిన పిల్లకు పరావర్తనం కొత్త కాదు, రిఫ్లెక్షన్ కూడా కొత్త కాదు. మాట మారింది, వెలుగు మారలేదు. ఆ సంగతి మొదటి ఏడాదిలోనే ఎవరైనా చెబితే సగం మంది పిల్లలు క్లాసులో భయపడకుండా కూర్చుంటారు.

దారులు దూరంలో కూడా లేవు. యూనివర్సిటీ తిరుపతిలోనే ఉంది, పీజీసెట్ రాయాలి. 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ రెండూ ఏర్పేడు దగ్గర ఉన్నాయి. డిగ్రీ పిల్లలు ఎమ్మెస్సీకి జామ్ రాయొచ్చు. ఇంటర్ అయిన పిల్లలు ఐసర్ పరీక్ష రాయొచ్చు. ఆడపిల్లను హాస్టల్‌కు పంపడం ఇష్టం లేని అమ్మీలకు కూడా, పొద్దున పోయి సాయంత్రం తిరిగొచ్చే బస్సు దూరంలో చదువు ఉంది.

మా ఇంట్లో బహస్ ఇంకా తెగలేదు. దూల్హా భాయ్ ఫీజు హిసాబ్ వేస్తున్నాడు, అమ్మీ ఇస్తిఖారా చేయమంటోంది, పిల్ల పీజీసెట్ పుస్తకాలు తెచ్చుకుంది. మీ ఇంట్లోనూ ఇలాంటి బహస్ నడుస్తుంటే, "లేజర్ చదివి ఏం చేస్తావ్?" అని అడిగే ముందు ఈ కిస్సాను పిల్లల ముందు చదవండి. తర్వాత అడగండి. వాళ్లు చెప్పే జవాబ్ మీకు నచ్చొచ్చు.